ఆ రోజు వర్షపాతం సున్నా

నేను రోడ్డు మీద పడిన రోజును ఒకటిగా లెక్కిస్తే, ఇది రాస్తున్న ఈ ఉదయం ఏడు వందల పంతొమ్మిదో రోజు. ఇంతకుముందు రెండుసార్లు రాయబోయి ఆపేశాను. రెండుసార్లూ నొప్పి వల్లనే ఆపాను. ఈ రోజు కూడా చేయి వణుకుతోంది గాని కారణం వేరు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె వంకర పోని నా దస్తూరి ఇవాళ సంతోషంతో కుదురుగా నిలవడం లేదు. పాఠకులు మన్నించాలి.

నా వృత్తి ఏమిటో ముందుగా చెప్పకపోతే తరువాతి విషయం బోధపడదు. నేను నీటిపారుదల శాఖలో వర్షపాతం కొలిచిన ఉద్యోగిని. వర్షమాపకం చిన్న పరికరం. పైన గరాటు, లోపల సీసా, ఆ నీటిని పోసి చూడడానికి గీతలున్న ఒక కొలగాజు. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు చూసి, అప్పటికి గడిచిన ఇరవై నాలుగు గంటల వానను మిల్లీమీటర్లలో రాయాలి. చుక్క పడకపోతే 0.0 అని రాయాలి గాని గడిని ఖాళీగా వదలకూడదు. సున్నా ఉంటే చూశామని అర్థం, ఖాళీ ఉంటే చూడలేదని అర్థం. పదవీ విరమణ తరువాత సొంతంగా ఒక మాపకం కొని, కొల్లేరు అంచున ఉన్న మా ఊరి ఇంటి పెరట్లో పెట్టి, అదే రిజిస్టరు కొనసాగిస్తున్నాను. చేపల చెరువుల రైతులు అప్పుడప్పుడు వచ్చి అడుగుతారు. ఎవరూ అడగకపోయినా రాస్తాను.

ఇలాంటి మనిషి వాన గురించి ఒకసారి అబద్ధం చెప్పాడు. నా అనారోగ్యం కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి రోజు

అక్టోబరు నెల. ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలు. మోపెడ్ మీద ఏలూరు రైతుబజారుకు బయలుదేరాను. ఎనిమిదిన్నర లోపు తిరిగి ఇల్లు చేరాలని నా లెక్క. ఇంటికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో వంతెన, వంతెన దిగగానే మలుపు. నా వేగం గంటకు ముప్పై. ముందు చేపల లారీ ఒకటి వెళ్తోంది.

మా ప్రాంతం వారికి ఈ లారీల సంగతి తెలుసు. చేపల పెట్టెల్లో మంచు కరిగిన నీరు లారీ అడుగున ఒక తొట్టిలో చేరుతుంది. తొట్టి నిండినప్పుడు ఆగి, రోడ్డు దిగి, ఖాళీ చేసుకోవాలి. ఆగే తీరిక లేనివారు కింది మూత తీసేసి నడుపుతారు. ఆ నీటిలో చేప జిగురు ఉంటుంది. రోడ్డంతా దుమ్ము పట్టి పొడిగా ఉంది. మలుపులో మాత్రం నల్లగా మెరిసే చార ఒకటి కనిపించింది. కనిపించిన తరువాత నాకు ఆకాశం కనిపించింది. కుడి కాలు మోకాలి కింద ఉండవలసిన దిక్కులో లేదు.

అద్దంలో చూసి లారీ ఆపి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. పేరు మస్తాన్, వయసు ముప్పై ఒకటి, ఆకివీడు దగ్గర వాడు. ఇద్దరు దారిన పోయేవారి సాయంతో నన్ను క్యాబిన్‌లోకి ఎక్కించి, పద్ధెనిమిది కిలోమీటర్లు నడిపి, ఏలూరులో ఒక ఆసుపత్రికి చేర్చాడు.

"కళ్ళు మూయకండి బాబాయిగారూ, నాతో ఏదో ఒకటి మాట్లాడతా ఉండండి" అన్నాడు దారిలో.

"టైమెంత?"

"ఏడూ పదండీ."

కాసేపటికి మళ్ళీ అడిగాను.

"ఏడూ పద్నాలుగు. ఏంటండీ, రైలందుకోవాలా?"

నా ఫోను తీసుకుని మా ఇంటికి కబురు కూడా అతనే చెప్పాడు. అత్యవసర విభాగంలో నన్ను బల్ల మీద పడుకోబెట్టాక వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. లారీలో చేపలు పాడవుతున్నా గోడకు ఆనుకుని, నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

సుమారు పదింటికి కానిస్టేబులు వచ్చాడు. ప్రమాదం కేసు ఏది వచ్చినా ఆసుపత్రి వారు పోలీసులకు తెలియజేస్తారు.

"ఎలా పడ్డారండీ?"

నేను మస్తాన్ వైపు చూశాను. అతను నా చెప్పుల వైపు చూస్తున్నాడు. నన్ను మోసుకొచ్చిన మనిషిని, అతని ఎదుటే వేలుపెట్టి చూపించడం నాకు మర్యాదగా తోచలేదు.

"వాన తడికి జారానండీ. నేనే పడ్డాను. ఎవరి తప్పూ లేదు."

ఏలూరులో ఆ తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. అందుచేత కానిస్టేబులు రెండో మాట అడగకుండా రాసుకుని నా సంతకం తీసుకున్నాడు. అప్పటికి నా భార్య దుర్గ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నా మాట విన్నది. 

రెండో రోజు నుంచి నూట పద్ధెనిమిదో రోజు

కాలిలో రాడ్డు వేశారు. ఆపరేషను వివరాలు నాకు తెలియవు, తెలిసినా రాయను. నాకు తెలిసిందల్లా కప్పు మీది ఫ్యానుకు మూడు రెక్కలుండేవని, ఒకదానికి అంచు వంగి ఉండేదని. ఆసుపత్రిలో పదకొండు రోజులు. రాత్రిళ్ళు మా అమ్మాయి పద్మ ఉండేది. దుర్గ ఊరి నుంచి రోజూ పదిన్నరకు వచ్చేది. మొదటి బస్సుకు వస్తే ఎనిమిదికే రావచ్చు. రాదు. నాలుగో రోజున అడిగేశాను.

"నేనిక్కడ పడి ఉంటే ఆ బస్సు ఎక్కడానికి నీకేం అడ్డం?"

"గేదె ఉంది కదండీ."

గేదె పాలు ఆరింటికే తీస్తారని నాకు తెలుసు.   నా మాపకం గురించి ఆమెను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఆ రోజు గడి ఖాళీగా ఉందని వినాలి. పైగా, పన్నెండేళ్ళ క్రితం ఆమె చేతిలో కొలగాజు పగిలినప్పటి నుంచి దాన్ని ముట్టవద్దని చెప్పినవాణ్ణి నేనే.

అక్కడి నుంచి తాడేపల్లిగూడెంలో పద్మ ఇంటికి మారాను. మెట్లు లేని ఇల్లు, ఫిజియోథెరపీకి నడకదూరం. దుర్గ గేదె కోసం ఊళ్ళోనే ఉండి ఆదివారాలు వచ్చేది. పక్కింటావిడ, పేరైనా తెలియని మనిషి, రోజూ నేను వాకరుతో వెళ్ళే వేళకు వీధిలో కంకర పక్కకు ఊడ్చేది. ఒకనాడు కృతజ్ఞతలు చెప్పబోతే, "నా గుమ్మం నేను ఊడ్చుకుంటున్నానండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

నూట పద్ధెనిమిదో రోజున ఎక్స్‌రే తీశారు. ఎముక అతకలేదు. రెండో ఆపరేషను చేయాలి, లేకపోతే వాకరు శాశ్వతం అన్నారు డాక్టరు. మొదటి ఆపరేషనుకే మా చేతిలో ఉన్నది అయిపోయింది. ఇల్లు తనఖా పెడదామని పద్మ అంటే, నా పేర ఉన్న గోడలు నా కాలి కోసం తాకట్టు పెట్టనన్నాను. తండ్రీ కూతుళ్ళం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

నూట ఇరవై నాలుగో రోజు

పద్మ నన్ను కారెక్కించి ఏలూరులో అడ్వకేటు రాధిక దగ్గరకు తీసుకువెళ్ళింది. ముప్పై దాటని అమ్మాయి. నా కథంతా విని నన్ను మొదట అడిగింది లారీ నంబరు. చెప్పాను. వాహనాల నంబర్లు గుర్తుంచుకోవడం నాకు అలవాటు.

"అతని మీద కేసు వేయనమ్మా. నన్ను చేతులతో ఎత్తి తీసుకొచ్చాడు."

"మీరు అతన్ని డబ్బు అడగడం లేదు అంకుల్. లారీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆ యజమాని ఏటా కట్టే ప్రీమియం లారీ కోసం కాదు. ఆ లారీ వల్ల దెబ్బ తగిలే ముక్కూమొహం తెలియని మనిషి కోసం. ఆ మనిషి మీరే."

నలభై ఏళ్ళుగా నా మోపెడ్‌కు నేనూ కడుతున్నాను. పోలీసులు ఆపితే చూపించే కాగితం అనుకున్నాను తప్ప, అందులో ఒక మనిషి ఉన్నాడని ఎన్నడూ తోచలేదు.  ఆమె పాలసీ వివరాలు తెప్పించింది. గడువు తేదీ నేనే లెక్కించాను. నేను పడ్డ నాటికి ఇంకా పంతొమ్మిది రోజులు చెల్లుబాటు ఉంది. మళ్ళీ లెక్కించాను. పంతొమ్మిదే.

"లారీ నన్ను తగలలేదు కదమ్మా?"

"తగలక్కర్లేదు. దాని వాడకం వల్ల ప్రమాదం జరిగిందని చూపిస్తే చాలు. క్లెయిము వేయడానికి ఆరు నెలల గడువుంది. అది కాదు నా భయం." ఆమె నా పాత వాంగ్మూలం నకలు తిప్పి చూపింది. "వాన తడికి నేనే పడ్డానని మీరే సంతకం పెట్టారు. కంపెనీ వాళ్ళు ఈ ఒక్క కాగితం పట్టుకుంటారు. ఏలూరు వర్షపాతం రిపోర్టు దానికి జతచేస్తారు. మీ ఊళ్ళో ఆ రోజు వాన పడలేదని మనకి ఏ కాగితం ఉంది?"

ఒక కాగితం ఉండవలసింది. ముప్పై నాలుగేళ్ళూ, ఆ తరువాతి ఏళ్ళూ దాని కోసమే రాసినట్టు ఉండవలసింది. "లేదమ్మా" అన్నాను. "ఆ ఉదయం ఎనిమిదిన్నరకు నేను బల్ల మీద ఉన్నాను."

వాంగ్మూలం దిద్దుకుంటే మస్తాన్ మీద పోలీసు కేసు నమోదవుతుందని కూడా ఆమె దాచకుండా చెప్పింది. జరిమానా పడవచ్చు. అతన్ని అడగకుండా ముందుకు వెళ్ళనన్నాను.

నూట ఇరవై తొమ్మిదో రోజు

ఆదివారం. మేము కబురు పెడితే మస్తాన్ తాడేపల్లిగూడెం వచ్చాడు. చేతిలో సంచి, అందులో రెండు కొరమీనులు. దుర్గ కూడా ఆ రోజు వచ్చి ఉంది. విషయం పద్మ చెప్పింది. అతను తల దించుకుని విన్నాడు.

"బాబాయిగారూ, ఆ రోజు మీరు వానన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వానేదండీ? మూత నేనే తీశాను. మంచు కరిగిపోతోంది, టైముకి చేరకపోతే ఓనరు తిడతాడని ఆగలేదు. ఎక్కడైనా చెబుతాను."

"ఉద్యోగం పోతుందేమో నాయనా."

"ఆ లారీ దిగేసి మూడు నెలలైందండీ. ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో చేస్తున్నాను. అక్కడ నీళ్ళు కారినా ఎవరూ పడరు."

అందరం నవ్వాము. నవ్వు ఆగాక నేనన్నాను: "నువ్వు చెప్పినా, నన్ను మోసుకొచ్చినవాడివి, ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. ఆ రోజు గడి ఖాళీగా ఉండడం నా ప్రారబ్ధం."

దుర్గ లేచి తన చేతిసంచి తెచ్చింది. అందులోంచి నా రిజిస్టరు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఖాళీ ఎందుకుంటుందండీ?"

తెరిచాను. అక్టోబరు పేజీ. నా దస్తూరి ఒక వరుసలో ఆగి, తరువాతి వరుస నుంచి ఆమె గుండ్రటి అక్షరాలు. నేను పడ్డ తేదీ. సమయం 8.30. వర్షపాతం 0.0. పక్కన రిమార్కుల గడిలో, అక్కడ ఏం రాయాలో తెలియక కాబోలు, "ఆటో ఇంకా రాలేదు" అని ఉంది. మర్నాడు 0.0. మూడో రోజు 11.2. ఆ తరువాత ఒక్క గడి కూడా వదలకుండా ఆ ఉదయం వరకు. ఆదివారం బస్సెక్కే రోజుల్లో కూడా.

రోజూ పదిన్నరకు ఎందుకు వచ్చేదో అప్పుడు తెలిసింది. నూట ఇరవై తొమ్మిది గడులు వేలితో లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టలేకపోయాను, అక్షరాలు కనబడలేదు.

"చెప్పలేదేం?"

"మీరు వానన్నారు కదండీ, పోలీసాయన ముందు. నేను సున్నా అంటే అందరిలో మీ మాట తేలిపోదూ?"

నూట అరవై మూడో రోజు నుంచి అయిదు వందల నలభయ్యో రోజు

నా వాంగ్మూలం దిద్దుకున్నాను. మస్తాన్ తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. గడువుకు ఇరవై రోజులు ఉండగానే రాధిక క్లెయిము వేసింది. తరువాత వాయిదాలు. కోర్టు వరండాలో ఎదురుచూడడం ఆసుపత్రిలో ఎదురుచూడడం లాంటిదే. ఇక్కడ కూడా పేరు పిలిచేదాకా మనిషి మనిషి కాడు. అటెండరు ఒకాయన తను కూర్చునే స్టూలు తెచ్చి, "కాలు దీని మీద పెట్టుకోండి" అని, వాయిదా వాయిదాకూ తను నిలబడే పని చేశాడు.

నాలుగు వందల మూడో రోజున నన్ను బోనులోకి పిలిచారు. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"పోలీసులకి వానన్నారు. ఇక్కడ వాన లేదంటున్నారు. ఏది అబద్ధమండీ?"

"మొదటిది."

"వాన కొలిచే ఉద్యోగం చేసినవారు వాన గురించే అబద్ధం చెప్పారన్నమాట."

"అవునండీ. చేసిన ఉద్యోగమంతటికీ అదొక్కటే."

ఆ మాట అందరి ముందు అనడానికి నాకు పదమూడు నెలలు పట్టింది. అన్న తరువాత, చెబితే నమ్మరు గాని, కాలు తేలికైంది.

ఇరవై తొమ్మిది రోజుల తరువాత దుర్గ వంతు. గట్టి అంచు చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళి నిలబడింది.  రాధిక నాకు తన బల్ల పక్కన కుర్చీ వేయించింది.

"అమ్మా, మీ ఆయన కాలు విరిగిందని ఏడుంబావుకే ఫోనొచ్చింది. మీరు ఎనిమిదిన్నరకి వాన కొలుస్తూ కూర్చున్నారా?" అన్నాడు కంపెనీ లాయరు.

"ఆటో ఎనిమిదీ నలభైకి గాని రాలేదండీ. ఖాళీగా ఉండి ఏడవమంటారా?"

"కేసు కోసం తరువాత రాసుకున్నారని నేనంటాను."

"కేసు కోసం రాసుకునేదాన్నైతే ఆటో సంగతి ఎందుకు రాస్తానండీ?"

జడ్జిగారు రిజిస్టరు తన దగ్గరకు తెప్పించుకుని ఆ వరుస చదివారు. తల ఎత్తి ఆయనే అడిగారు: "అసలు ఎందుకు కొలిచారమ్మా?"

"ఈయన కళ్ళు తెరవగానే అడిగేది అదేనండీ. తెలీదంటే ఒప్పుకోరు. తీరా వెళ్ళేసరికి ఈయన వానంటున్నారు."

జడ్జిగారు నవ్వలేదు గాని కలం పక్కన పెట్టి కొంతసేపు కిటికీ వైపు చూశారు. మస్తాన్ తన వంతు వచ్చినప్పుడు ఒక్క పూట జీతం వదులుకుని వచ్చి, మూత తీసింది తనేనని చెప్పి వెళ్ళాడు.

అయిదు వందల నలభయ్యో రోజున తీర్పు. ఏలూరు జల్లు ఏలూరుదేనని, పద్ధెనిమిది కిలోమీటర్ల అవతల రోడ్డు మీది తడి లారీదేనని, పాలసీ చెల్లుబాటులో ఉన్నందున పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీయే చెల్లించాలని. ఎంత అన్నది నాకు కంఠతా వచ్చు, ఇక్కడ రాయను. రెండో ఆపరేషనుకు సరిపోతుందని మాత్రం చెబుతాను. తీర్పులో ఒక వాక్యం పద్మ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను: సాక్షి రాసిన రిమార్కు సహజంగా ఉన్నందున రిజిస్టరును విశ్వసిస్తున్నాము. నా అంకెలను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వం తీసుకుంది. విశ్వసిస్తున్నామని ఒక్కరూ రాయలేదు.

ఆరు వందల నాలుగో రోజు నుంచి ఈ రోజు

ఆపరేషను అయింది. ఈసారి ఎముక అతికింది. ఏడు వందల రెండో రోజున వాకరు వదిలి చేతికర్ర పట్టాను, మూడు రోజుల క్రితం చేతికర్ర గోడకు ఆనించాను.

ఇది చదివేవారిలో ఎవరైనా రేపు ఆసుపత్రి బల్ల మీద ఉండవచ్చు. ఉండకూడదని కోరుకుంటాను. ఉంటే, పక్కన నిలబడిన మంచి మనిషి మొహం చూసి మొహమాటానికి "నేనే పడ్డాను" అనకండి. ఆ మంచి మనిషికి మీ అబద్ధం అవసరం లేదు. మస్తాన్‌కు నేను చేశాననుకున్న ఉపకారం అతన్ని నాలుగు నెలలు సిగ్గుతో కుంగదీసింది. నా భార్యను అంతకాలమూ రిజిస్టరు దాచుకునేలా చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పండి. మీకు దెబ్బ తగిలితే ఆదుకోవడానికి ఎవరో, మిమ్మల్ని ఎరగకుండానే, ముందే ప్రీమియం కట్టి ఉన్నారు.

రిజిస్టరు నిన్న కోర్టు నుంచి తిరిగి వచ్చింది. అది లేనన్నాళ్ళూ దుర్గ అంకెలు విడి నోటుబుక్కులో రాసింది. అట్ట మీద వారి ముద్ర, లోపల ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో చిన్న గుర్తు. రాత్రి వాన పడింది. ఈ ఉదయం ఎనిమిదీ ఇరవై ఆరుకు పెరటి తలుపు తీసి, ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచాను. ఇరవై మూడు అడుగులు. గరాటు తీశాను, సీసాలో నీరు కొలగాజులోకి వంచాను, కళ్ళ ఎత్తుకు పట్టుకున్నాను. దాదాపు రెండేళ్ళ తరువాత ఆ గీతలను నా కళ్ళతో చూడడం. చేయి అప్పుడే వణకడం మొదలైంది.

"ఆరు పాయింట్ నాలుగు" అని వంటింటి వైపు కేకేశాను. "రాసుకో."

 కాసేపటికి దుర్గ కళ్ళజోడు పెట్టుకుంటూ, చంకలో రిజిస్టరుతో వచ్చింది. గాజు నా చేతిలోంచి తీసుకుంది.

"చెప్పాను కదా, ఆరు పాయింట్ నాలుగు."

"వాన విషయంలో మీ నోటిమాట నేను రాయనండీ" అంది, గాజును వెలుగుకు ఎత్తి పట్టుకుని. తీరిగ్గా చూసింది. తరువాత రాసింది. ఆరు పాయింట్ నాలుగే.